తల్లిదండ్రుల సంఘం లెక్కలపై వివాదం: నిలదీయబోయే ముందు జాగ్రత్తలు

కోశాధికారిని వేలెత్తి చూపే మాట ఒక్కటి కూడా సభ్యుల వాట్సాప్ గ్రూపులో పడకుండా ముందే చూసుకోవాలి; అనుమానం తప్పని తేలితే అది పరువునష్టం దావాకు దారితీయవచ్చు.

లెక్కలు చూపమని అడిగే హక్కు ఎవరికుందో, సమావేశానికి కోరం (కనీస హాజరు) ఎంతో నియమావళిలో చదివి ఉండాలి.

బ్యాంకు స్టేట్‌మెంటు, నగదు పుస్తకం, రసీదుల కౌంటర్‌ఫాయిళ్లు (సంఘం దగ్గరే ఉండిపోయే రసీదు భాగాలు), వోచర్లు (ఖర్చులకు ఆధార పత్రాలు), అన్నింటికీ నకళ్లు తీసి భద్రపరచాలి. అసలు పని ఇక్కడే ఉంది. పుస్తకంలోని నిల్వకూ బ్యాంకు నిల్వకూ తేడా కనిపించగానే డబ్బు మాయమైందనుకోకూడదు. మనం ఇచ్చిన చెక్కును తీసుకున్నవారు ఇంకా మార్చుకోకపోయినా, నెలాఖరున వసూలైన నగదు మర్నాడు జమ అయినా తేడా వస్తుంది. ఆ తేడా 9తో శేషం లేకుండా భాగింపబడితే, 540కి బదులు 450 రాసినట్లు అంకెలు తారుమారయ్యాయేమో వెతకాలి.

తనిఖీ చేసేవారు చెక్కులపై సంతకం చేసేవారో, వారి బంధువులో కాకూడదు.

ప్రశ్నలను కోశాధికారికి లిఖితపూర్వకంగా పంపి, జవాబుకు తగిన గడువివ్వాలి. జీతం లేని పనికి ఒప్పుకున్న మనిషికి ఆ మాత్రం మర్యాద దక్కాలి.

దుర్వినియోగానికి గట్టి ఆధారాలే దొరికితే, రాజీ మాటలకు ముందే న్యాయవాదిని సంప్రదించి, తీర్మానం ద్వారా ఖాతాపై సంతకాల అధికారాన్ని మార్పించాలి.