పాము కరిస్తే బండి ఎటు తిప్పాలి

పాము కాటు గురించి రాసేవాళ్లంతా "కంగారు పడకండి" అని మొదలుపెడతారు. పడతామండీ, ఎందుకు పడం. శెనక్కాయ చేనులో చెట్లు పీకుతున్న మనిషి "అబ్బా" అని చెయ్యి విదిలించి వెనక్కి పడితే చుట్టూ ఉన్న పదిమందికీ కాళ్లూ చేతులూ ఆడవు. అందుకే కంగారులో కూడా చేయగలిగినంత చిన్న పనులేవో ముందే తెలిసుండాలి. వాటిలో పెద్దది, బండి ఎటు తిప్పాలన్నది. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. మా చుట్టుపక్కల నేను చూసినంతలో మనుషులకు గంటలు గంటలు పోయేది ఇక్కడే.

మా చిన్నాయన సంగతే చెప్తా. సాయంత్రం ఎనుములకు మేత వేద్దామని వామిలోంచి శెనక్కట్టె లాగుతుంటే వేలి మీద కాటు పడింది. మూరెడు కూడా లేని చిన్న పింజరి. పక్కనున్నాయన తువ్వాలు చించి మణికట్టు దగ్గర బిగించి కట్టాడు. ఇంకొకాయన పక్కూళ్లో మంత్రం వేసేవాళ్ల దగ్గరికి తీసుకుపోయాడు, అక్కడ వేపాకు నమిలించి "చేదు తెలుస్తోందా" అని అడిగారు, తెలుస్తోంది అన్నాడు, అయితే విషం ఎక్కలేదన్నారు. అప్పటికే చెయ్యి మోచేతిదాకా వాచింది. టౌన్లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు పోతే (పేరెందుకులే) గ్లూకోజు ఎక్కించి, తుంటికి ఇంజెక్షన్ వేసి, గంటన్నర తర్వాత "మా దగ్గర విషానికి మందు లేదు, అనంతపురం తీసుకుపోండి" అన్నారు. ఆ ముక్క గుమ్మంలోనే చెప్పుంటే అప్పటికి అనంతపురంలో ఉండేవాళ్లం. పెద్దాసుపత్రికి చేరేసరికి చిగుళ్లలోంచి రక్తం, ఇంజెక్షన్ వేసిన చోటునుంచి కూడా రక్తం ఆగకుండా కారుతోంది. బతికాడు. కానీ వేలి చివర పోయింది, అందులో పాము వాటా ఎంతో తువ్వాలు వాటా ఎంతో చెప్పలేం.

ఇక పనిలోకి వస్తా. కాటు పడగానే మనిషిని ఉన్నచోటే కూర్చోబెట్టండి, నడిపించొద్దు, పరుగెత్తనివ్వొద్దు. ఆ చేతికి లేదా కాలికి ఉన్న ఉంగరాలు, గాజులు, వాచీ, మెట్టెలు, కడియాలు, నల్లదారం అన్నీ తీసేయండి. వాపు వచ్చాక అవి రావు, అవే కోసుకుపోతాయి. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కర్రముక్క పెట్టి ఆ భాగం కదలకుండా వదులుగా కట్టండి. ఫోన్లో టైము చూసి గుర్తుపెట్టుకోండి, ఎన్నింటికి కరిచిందన్నది డాక్టరు అడిగే మొదటి ప్రశ్న. వాంతులైతే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అంతే, మొదటి ఐదు నిమిషాల్లో ఇంతకు మించి పనేం లేదు.

బిగించి కట్టడం మాత్రం వద్దంటే వద్దు. విషం పైకి ఎక్కదనే నమ్మకంతో కడతారు, కానీ పింజరి జాతి విషం కండను తినేస్తుంది, దాన్ని ఒకేచోట ఆపి పైనుంచి రక్తం కూడా రాకుండా చేస్తే ఆ చోటు కుళ్లిపోతుంది. ఎవరో అప్పటికే కట్టేసి ఉంటే? దారిలో విప్పొద్దు. ఒక్కసారిగా వదిలితే ఆగి ఉన్న విషమంతా ఒళ్లంతా పాకి ఊపిరి ఆగిపోవచ్చు, ఆసుపత్రిలో మందు, డాక్టరు సిద్ధంగా ఉన్నప్పుడే విప్పాలి. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, పసరు పూయడం, సారా పట్టించడం ఇవేవీ పనికిరావు. విషరాయి అంటించి నయం చేశామనేవాళ్లు ఉంటారు. కరిచేవాటిలో ఎక్కువ భాగం విషం లేని పాములే, విషమున్నవి కరిచినా చాలాసార్లు విషం దిగదు, ఆ మనుషులంతా రాయి పెట్టినా పెట్టకపోయినా బతికేవాళ్లే. మంత్రానికి పేరొచ్చేది కూడా ఈ లెక్కలోనే.

పాము కోసం వెతకొద్దు. చంపి సంచిలో వేసుకుని ఆసుపత్రికి మోసుకొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, తల నరికిన తర్వాత కూడా అది కాసేపు కాటు వేయగలదు. దూరం నుంచి ఫోటో దొరికితే సరే, లేకపోతే వదిలేయండి. మన దగ్గర ఇచ్చే మందు ఒక్కటే, నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ కలిపి పనిచేసేదే. ఆ పాముల విషం కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలోంచి తీస్తారు. కాబట్టి ఏ పామో తెలియకపోయినా వైద్యం ఆగదు.

బండి విషయం. 108కి ఫోన్ చేయండి, వచ్చేది ఎంతసేపో అడగండి. ఆలస్యమయ్యేలా ఉంటే ఆటోనో, కారో, ఏదీ లేకపోతే బైకు మీద ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టుకునో బయల్దేరండి, వెనక కూర్చున్నవాడు గట్టిగా పట్టుకోవాలి. ఎక్కడికి? పెద్ద ఆసుపత్రికని కాదు, పాము విషానికి మందు, దాన్ని ఎక్కించే డాక్టరు రెండూ ఉన్న దగ్గరి చోటుకి. దారిలోనే ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: "యాంటీ స్నేక్ వీనం ఉందా? డాక్టరు ఇప్పుడు డ్యూటీలో ఉన్నారా?" రెండింటికీ అవునంటే పదిహేను నిమిషాల దూరంలో ఉన్న పీహెచ్‌సీయే (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) గంటన్నర దూరంలోని అనంతపురం కంటే మేలు. అక్కడ మందు మొదలుపెట్టించి పైకి పంపించుకోవచ్చు. ఒకదానికైనా లేదంటే అక్కడ ఆగొద్దు, గుంతకల్లు, కదిరి, హిందూపురం లాంటి చోట్ల ఉన్న ప్రభుత్వాసుపత్రుల్లో ఏది దగ్గరైతే దానికి, లేదంటే నేరుగా అనంతపురం సర్వజన ఆసుపత్రికి. ఆదోని, డోన్ వైపు వాళ్లకు కర్నూలు పెద్దాసుపత్రి, పులివెందుల, రాయచోటి వాళ్లకు కడప రిమ్స్ ఉండనే ఉన్నాయి. రెప్పలు వాలిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా, మింగలేకపోతున్నా వెంటిలేటర్ ఉన్నచోటు కావాల్సి వస్తుంది, ఆ మాట 108 వాళ్లకు ముందే చెప్పండి.

ఆ రెండు ప్రశ్నలూ కాటు పడిన రాత్రే మొదటిసారి అడిగితే మాత్రం లాభం తక్కువ. వానలకు ముందే ఒకరోజు మీ పీహెచ్‌సీకి వెళ్లి మందు ఎన్ని వయల్స్ (చిన్న సీసాలు) ఉన్నాయి, రాత్రి డాక్టరు ఉంటారా, ఫ్రిజ్ పనిచేస్తోందా అడిగి రండి. నంబర్లు ఊరి వాట్సాప్ గ్రూపులో పిన్ చేసి పెట్టండి, శుభోదయం ఫోటోల కింద కొట్టుకుపోకుండా. మొహమాటం అక్కర్లేదు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుతో పోయినవాళ్లు దాదాపు 12 లక్షలని, అంటే ఏటా 58 వేలని పరిశోధకులు లెక్క తేల్చారు. ఎక్కువ మంది పోయిన ఎనిమిది రాష్ట్రాల్లో మనదీ ఒకటి, అందులో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. మనం విత్తనం వేసి, కలుపు తీసే రోజులవి. ఈ చావుల్ని 2030కల్లా సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024 మార్చిలో జాతీయ ప్రణాళిక కూడా ప్రకటించింది, కాబట్టి మందు ఉందా అని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.

ఆసుపత్రిలో ఏం జరుగుతుందో తెలిస్తే సగం గొడవలు తగ్గుతాయి. కాస్త రక్తం తీసి శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు ట్యూబులో పోసి 20 నిమిషాలు కదపకుండా పెడతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారిందంటే పింజరి విషం రక్తంలో పనిచేస్తోందని అర్థం. ఇంత చవకైన పరీక్ష ఇంకోటి ఉండదేమో, కానీ ట్యూబు ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగిందైనా ఫలితం తప్పు వస్తుంది. "ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారు" అని నర్సు మీద అరిచేవాళ్లను చూశా, ఆమె చేస్తున్నది ఇదే. మొదటిసారి బాగానే ఉందన్నా మళ్లీ మళ్లీ చేస్తారు, విషం ఆలస్యంగా బయటపడొచ్చు. అందుకే ఏ లక్షణం లేకపోయినా 24 గంటలు ఉంచుకుంటారు, "బాగున్నాను కదా" అని లేచి రావొద్దు.

విషం ఉన్నట్టు తేలితే మందు సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కిస్తారు, మామూలుగా ఎనిమిది నుంచి పది వయల్స్‌తో మొదలు. చిన్నపిల్లకూ అంతే, ఎందుకంటే చిన్నపిల్ల కదా అని పాము విషం తగ్గించి కరవదు. దురద, దద్దుర్లు, చలి, ఆయాసం లాంటివి రావొచ్చు, వస్తే వెంటనే నర్సును పిలవండి, దానికి ఇంజెక్షన్ పక్కనే సిద్ధంగా పెట్టుకుంటారు. భయపడి "ఆపేయండి, ఇంకెక్కడికైనా తీసుకుపోతాం" అనొద్దు. రక్తం గడ్డకట్టని మనిషికి తుంటికి, జబ్బకు ఇంజెక్షన్లు వేయకూడదు, టీటీ కూడా తర్వాతే. మా చిన్నాయనకు ఆ నర్సింగ్ హోములో చేసింది సరిగ్గా ఇదే తప్పు. రక్తపింజరి అయితే కిడ్నీలకు దెబ్బ, మూత్రం ఎంత వస్తోంది, ఏ రంగులో వస్తోంది అన్నది మంచం పక్కన ఉన్న మీరే చూసి చెప్పాలి.

కట్లపాము గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అది కరిచినట్టే తెలియదు. రాత్రి కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు. గ్యాస్ అనుకుని మాత్ర వేస్తారు, తర్వాత రెప్పలు పైకి లేవవు, మెడ నిలవదు. మా ఊళ్లో ఒకాయన్ని తాగి పడ్డాడనుకున్నారు. వానాకాలంలో కింద పడుకున్న మనిషి పొద్దున్నే కడుపునొప్పి అని లేచి రెప్పలు వాలుస్తుంటే పాము అని అనుమానించి బయల్దేరండి, గాటు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. ఇంకో సంగతి, ఈ విషం ఎక్కిన మనిషి కదలక, మెదలక, కళ్లు తెరవక చనిపోయినట్టే కనిపించొచ్చు, లోపల మాత్రం మీ ఏడుపులు వింటూ ఉండొచ్చు. గాలి సంచితో ఊపిరి అందిస్తూ వెంటిలేటర్ దాకా చేరిస్తే లేచి కూర్చున్నవాళ్లున్నారు. డాక్టరు చెప్పేదాకా మీరు తీర్మానించొద్దు.

కాగితాల సంగతి చాలామంది పట్టించుకోరు. చీటీలో, కేస్ షీటులో "పాము కాటు" అని రాయించుకోండి, డిశ్చార్జి సమ్మరీ జాగ్రత్తగా దాచుకోండి. బ్యాంకు ఖాతాలోంచి ఏటా 20 రూపాయలు కట్ అవుతుంటుందే, ప్రధానమంత్రి సురక్షా బీమా, అది పాము కాటుతో ప్రాణం పోతే ఇంటివాళ్లకు 2 లక్షలు ఇస్తుంది, కానీ వెంటనే ఆసుపత్రిలో చూపించిన రికార్డు అడుగుతారు. మంత్రం వేసేవాళ్లు చీటీ రాసివ్వరు కదా.

ఇంటికి వచ్చాక వారం, రెండు వారాల్లో జ్వరం, కీళ్లనొప్పులు, దద్దుర్లు వస్తే అది మిగిలిన విషం కాదు, ఎక్కించిన మందుకు ఒళ్లు తిరగబడటం. ఆసుపత్రికి వెళ్తే మందులతో తగ్గుతుంది. పథ్యాల పేరుతో నెలరోజులు చారన్నంతో ఎండబెట్టొద్దు.

రాకుండా చూసుకోవడం గురించి అందరికీ తెలిసిందే, రాత్రి టార్చి, కాళ్లకు బూట్లు, ఇంటి పక్క కట్టెల కుప్ప దూరంగా, మంచం మీద దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోవడం. దోమతెర కట్లపామును కూడా ఆపుతుంది. చిన్నాయన ఇప్పుడు వామి దగ్గరికి పోతే ముందు కర్రతో నాలుగు దెబ్బలు వేసి, కాసేపు నిలబడి, తర్వాత కొంకికర్రతోనే కట్టె లాగుతాడు. "దానికి చెప్పి తీస్తున్నావా చిన్నాయనా" అని మా పిల్లోళ్లు నవ్వుతుంటారు.