పాత డీజిల్ బండి బ్రేకులు చూసే ముందు జాగ్రత్తలు

– బండి చదునైన నేల మీదే ఉండాలి. పైకి లేపని చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. చాలా బళ్లలో హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. వాటిని లేపితే అది ఉన్నా లేనట్టే.

– జాకీని నమ్మి కిందకి దూరొద్దు. బండి బరువు మోసే స్టాండ్లు తప్పనిసరి.

– పెడల్ గట్టిపడిందా? లైనర్లు (డ్రమ్ముకు ఒరుసుకుని బండిని ఆపే పట్టీలు) మార్చే తొందర వద్దు. డీజిల్ ఇంజిన్‌లో బూస్టర్‌కు, అంటే మన తొక్కుడు బలాన్ని పెంచే భాగానికి, వాక్యూమ్ (గాలి పీల్చే శక్తి) ఇచ్చేది విడి పంపు. పాత బళ్లలో చాలావాటికి అది డైనమో వెనకే ఉంటుంది. బెల్టు తెగినా, పైపు చిట్లినా బ్రేకు బండలా అవుతుంది. ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి, పెడల్ నొక్కిపట్టి స్టార్ట్ చేయండి. కాస్త కిందకి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టే. ఇది షెడ్డు బయట, పొగ పోయేచోట చేయాలి.

– పెడల్ నేలదాకా దిగిపోతే ట్రయల్‌కి అసలు తీయొద్దు, వీధి చివరిదాకా కూడా.

– డ్రమ్ములోని దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు. పాత లైనర్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి.

– బ్రేక్ ఆయిల్ పోయాలంటే బండిలోని ఆయిల్ ట్యాంకు మూత మీద రాసిన గ్రేడే, సీలు తీయని డబ్బాదే. ఇంజిన్ ఆయిల్ చుక్క కలిసినా రబ్బర్లు ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.