ట్రక్ నుంచి దింపిన క్యాంపర్‌లో ఉండాలంటే

పికప్ ట్రక్ వెనక తొట్టిలో పెట్టుకుని ప్రయాణించే చిన్న గది లాంటి క్యాంపర్‌ను కిందికి దింపేసి, ట్రక్కును మాత్రం ఊరు తిరగడానికి తీసుకెళ్లడం చాలా హాయి. అయితే దింపాక లోపల పడుకోవచ్చో లేదో ముందు తయారీదారు మాన్యువల్‌లో చూడండి. కొన్ని మోడళ్లకు వద్దనే రాసి ఉంటుంది.

అసలు సంగతి ఎత్తు. ట్రక్ బయటికి వెళ్లగానే జాక్‌లను, అంటే క్యాంపర్‌ను మూలల్లో మోసే సాగే కాళ్లను, వీలైనంత కిందికి దించేయండి. పొడుగ్గా సాగిన జాక్‌ల మీద క్యాంపర్ ఊయలలా ఊగుతుంది, గాలి వీస్తే మరీను. దించేటప్పుడు నాలుగు మూలలనూ కొంచెం కొంచెంగా దించాలి, ముందు భాగం కాస్త ఎత్తుగానే ఉండాలి. చివర్లో లెవెల్ చేసుకోవచ్చు. మెత్తటి నేలైతే ప్రతి జాక్ కింద వెడల్పాటి చెక్క పలక తప్పనిసరి. లేదంటే రాత్రి వాన పడితే ఒక జాక్ కాలు నేలలోకి దిగబడిపోతుంది. మాన్యువల్ ఒప్పుకుంటే ఫ్లోర్ కింద గట్టి చెక్క దిమ్మెలు పెట్టి బరువును వాటి మీదికి మార్చండి. నా లెక్కలో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే, లోపల నడిచినా కుదుపు ఉండదు.

గ్యాస్‌తో నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్ ఉంటే లెవెల్ ఇంకా ముఖ్యం, వాలుగా ఉంటే సరిగా చల్లబడదు.

ట్రక్ ఇంజన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ నుంచి క్యాంపర్ బ్యాటరీకి ఇక ఛార్జింగ్ రాదు కాబట్టి సోలారో, బయటి కరెంటో చూసుకోవాలి. ట్రక్కును ముందుకు కదిపే ముందు టై-డౌన్‌లు (క్యాంపర్‌ను ట్రక్కుకు బిగించే కట్లు), రెంటినీ కలిపే కరెంటు కేబుల్ ఊడదీశారా అని ఒకసారి చుట్టూ తిరిగి చూడండి. హడావిడిలో మరిచిపోయేది ఆ కేబులే.