చిన్న మొరైన్ గట్లను బట్టి హిమానీనదం వెనకడుగును లెక్కకట్టే విధానం

ఐస్‌లాండ్ దక్షిణ తీరంలో వాత్నయోకుల్ మంచు పీఠం నుంచి దిగే బ్రెయిదామెర్కుర్‌యోకుల్, ఫ్యాల్స్‌యోకుల్ హిమానీనదాల ముందున్న మైదానంలో మొరైన్లు, అంటే మంచు అంచు పోగుచేసి వదిలిన సన్నని మట్టిగట్లు, వరుసగా కనిపిస్తాయి. చాలావాటి ఎత్తు ఒకటి రెండు మీటర్లకు మించదు. వాటిని చదవాలంటే ముందు అవి ఎలా పుడతాయో తెలియాలి.

చలికాలంలో మంచు కరగడం దాదాపు ఆగిపోతుంది గానీ, పైనుంచి మంచు జారడం ఆగదు. అందువల్ల హిమానీనదం అంచు కొన్ని మీటర్లు ముందుకు జరిగి, ఎదురుగా ఉన్న మట్టిని, ఇసుకను, రాళ్లను తోసి కుప్ప చేస్తుంది. వేసవిలో కరుగుదల పైచేయి కాగానే అంచు వెనక్కి తగ్గుతుంది, గట్టు మాత్రం అక్కడే ఉండిపోతుంది. కొన్నిచోట్ల మంచు బరువుకు అడుగునున్న తడిమట్టి అంచు వద్ద పైకి ఉబికి గట్టవుతుంది. ఇంకొన్నిచోట్ల చలికి మంచు అడుగున గడ్డకట్టి అంటుకున్న మట్టి పొర దానితో పాటు ముందుకు వచ్చి, మంచు కరిగాక అక్కడే దిగబడుతుంది.

గట్టును అడ్డంగా పారతో కోసి చూస్తే ఈ తేడా కొంతవరకు తెలుస్తుంది. ఇసుక పొరలు మడతలు పడి ఉంటే తోపుడు జరిగినట్టు. పొరలేవీ లేకుండా మెత్తని మట్టి ముద్దగా ఉంటే ఉబుకు మట్టి అని అనుమానించవచ్చు. పైనుంచి చూసినప్పుడు గట్టు రంపపు పళ్లలా వంకరలు తిరిగి ఉంటే, ఆనాటి మంచు అంచు ప్రవాహ దిశలో సాగిన పగుళ్లతో చీలి ఉండేదని అర్థం. నా దృష్టిలో ఈ వంకరలు ఎత్తు కన్నా విలువైన ఆధారం, ఎందుకంటే మంచు అంచు ఆకారం వాటిలో అచ్చుపడి ఉంటుంది.

తరువాత మంచు ప్రవహించిన దిశలోనే టేపు పట్టి, ఒక గట్టు శిఖరం నుంచి పక్క గట్టు శిఖరం వరకు దూరం కొలవండి. ఏడాదికొక గట్టు చొప్పున ఏర్పడినచోట ఈ దూరం ఆ ఏటి నికర తగ్గుదల మాత్రమే: వేసవిలో అంచు 40 మీటర్లు వెనక్కి వెళ్లి, చలికాలంలో 10 మీటర్లు ముందుకు వస్తే గట్ల మధ్య 30 మీటర్లే మిగులుతాయి. వేసవి ఎంత వేడిగా ఉంటే ఎడం అంత పెరగడం సహజం కనుక, సమీప వాతావరణ కేంద్రం నమోదు చేసిన వేసవి ఉష్ణోగ్రతలను ఈ దూరాల పక్కన పెట్టి చూడాలి.

అయితే గట్లు ఏటేటా ఏర్పడ్డాయని ఊహించి ఊరుకోకూడదు, రుజువు చేసుకోవాలి. బ్రెయిదామెర్కుర్‌యోకుల్‌కు 1945, 1965 నాటి విమాన ఛాయాచిత్రాలున్నాయి. ఆ రెండు అంచుల మధ్య ఉన్న గట్లు సుమారు ఇరవై అయితే ఊహ బలపడుతుంది. ఐస్‌లాండ్‌లో వాతావరణ శాస్త్రవేత్త యోన్ ఎయ్‌థోర్సన్ 1930లో మొదలుపెట్టిన అంచు కొలతలు కూడా సరిచూసుకోవడానికి పనికొస్తాయి.

గట్ల సంఖ్య ఏళ్ల సంఖ్య కన్నా తగ్గినప్పుడు కారణం వెతకాలి. ఒక చలికాలపు ముందడుగు అంతకుముందు వేసవి తగ్గుదలను మించితే, పాత గట్టు తుడిచిపెట్టుకుపోతుంది లేదా కొత్తదానిలో కలిసిపోతుంది. 1970 నుంచి 1995 వరకు ఐస్‌లాండ్ హిమానీనదాలు చాలావరకు నిలకడగా ఉండడమో ముందుకు రావడమో జరిగింది కాబట్టి, ఆ కాలపు చిన్న గట్లు దొరకకపోవడం వింత కాదు. కరుగునీటి వాగులు కోసుకుపోయిన చోటు కూడా ఖాళీగానే కనిపిస్తుంది. వాగు జాడ లేని మరో వరుసలో మళ్లీ కొలవడమే మార్గం. అంచును రాళ్ల పొర దట్టంగా కప్పే గంగోత్రి వంటి హిమానీనదాల వద్ద, కరుగుదల ఇంత సూటిగా ఋతువును అనుసరించదు కనుక, ఈ లెక్కను యథాతథంగా వాడకూడదు.