పొద్దున లేవగానే తలనొప్పా? ముందు దవడ చూసుకోండి

నెలల తరబడి పని ఒత్తిడిలో నలిగిన వాళ్లు చెప్పేవి దాదాపు ఇవే: పొద్దున్నే తలనొప్పి, మెడ పట్టేయడం, గుండె దడ, కడుపులో మంట, ఎంత పడుకున్నా తీరని నీరసం. చేతిలో స్కానింగ్ ఫైలు ఉంటుంది. చివరిసారి బీపీ ఎప్పుడు చూపించుకున్నారని అడిగితే మాత్రం జవాబు ఉండదు. దయచేసి కింద చెప్పిన వరస తప్పకండి.

మొట్టమొదట

బీపీ, హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, విటమిన్ బీ12 చూపించుకోండి. నీరసానికీ దడకీ రక్తహీనత, థైరాయిడ్ తేడా చాలా మామూలు కారణాలు. ఇవి చూడకుండా బర్నవుట్ (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం) అని తేల్చేసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని జబ్బుగా కాకుండా, ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితిగానే గుర్తించింది. ఆ పేరు పెట్టుకున్నంత మాత్రాన లోపలున్న రక్తహీనత పోదు.

సమస్య: దడ, కడుపు మంట, నిద్ర పట్టకపోవడం

ఒంటిని మెలకువగా ఉంచే కార్టిసాల్ అనే హార్మోను మామూలుగా పొద్దున ఎక్కువగా, అర్ధరాత్రికి బాగా తక్కువగా ఉండాలి. రాత్రి పదకొండింటికి కూడా ఆఫీసు మెసేజీలకు జవాబులిస్తూ కూర్చుంటే ఒళ్లు ఇంకా డ్యూటీలోనే ఉంటుంది. నిద్ర చాలదు, మర్నాడు టీల మీద బండి లాగిస్తారు. టీ, కాఫీల్లో ఉండే కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ మానండి. రాత్రి భోజనం పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే ముగించండి. ముందు ఇవి చేశాకే గ్యాస్ మాత్రల గురించి ఆలోచించండి.

సమస్య: లేవగానే కణతల దగ్గర నొప్పి, చెవిపోటు, బరువెక్కిన మెడ

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. సైనస్ అనుకుని యాంటీబయోటిక్స్ వాడతారు, కళ్లజోడు మారుస్తారు, దిండు మారుస్తారు. చెవి డాక్టరు చెవి బాగానే ఉందంటాడు. అసలు కారణం చాలాసార్లు పళ్లు బిగపట్టడం.

దవడను మూసే కండరాల్లో ఒకటి కణత మీదుగా పరుచుకుని ఉంటుంది, అందుకే నొప్పి తలలో తెలుస్తుంది. దవడ కీలు చెవికి సరిగ్గా ముందుంటుంది కాబట్టి అది చెవిపోటులా అనిపిస్తుంది. నిద్రలో పళ్లు కొరుకుతారా అంటే లేదనే చెబుతారు, ఎందుకంటే చాలామంది చప్పుడు లేకుండా బిగిస్తారు. పగలు కూడా అంతే. లాప్‌టాప్ ముందు, ట్రాఫిక్‌లో, మేనేజర్ ఫోన్ చేసినప్పుడు పళ్లు కరుచుకునే ఉంటాయి.

ఇప్పుడే చూసుకోండి. ఈ వాక్యం చదువుతుండగా మీ పై పళ్లు, కింది పళ్లు తాకి ఉన్నాయా? తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప తాకకూడదు, మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. పొద్దున చెంప వెనక భాగం వేళ్లతో నొక్కితే నొప్పి పుట్టడం, నాలుక అంచున పళ్ల గాట్లు, చెంప లోపల తెల్లటి గీత, అరిగిన పళ్లు కూడా గుర్తులే.

పరిష్కారం: పెదవులు మూసి, పళ్లు విడిగా, నాలుక కొన పై పళ్ల వెనక ఆనించి ఉంచండి. గంటకోసారి ఫోన్‌లో అలారం పెట్టుకుని సరిచూసుకోండి. విసుగ్గా ఉంటుంది, అయినా వారాల తరబడి చేయాలి. రాత్రి చెంపలకు గోరువెచ్చని కాపడం పెట్టండి. సిగరెట్, మద్యం ఈ బిగింపును పెంచుతాయి. డెంటిస్టు ఇచ్చే నైట్ గార్డ్ (రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు) పళ్లు అరగకుండా కాపాడుతుంది కానీ, బిగపట్టే అలవాటును మాన్పించదు. డిప్రెషన్ మందులు మొదలయ్యాక ఇది వచ్చిందా? వాటిని సొంతంగా ఆపకుండా, రాసిన డాక్టరుకు చెప్పండి. గురక, పగటి మగత కూడా ఉంటే నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉందేమో చూపించుకోండి.

నొప్పి మాత్రలు నెలలో పదిహేను రోజులు, అంతకు మించి నెలల తరబడి మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి.

అరుదైనవి

మెదడులో గడ్డలు, కార్టిసాల్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథి జబ్బులు చాలా తక్కువ. పైవన్నీ చూశాక కూడా తగ్గకపోతే అప్పుడు డాక్టరే చూస్తారు.

దవడ నొప్పి మెట్లెక్కితే వచ్చి, ఆగితే తగ్గుతుంటే మాత్రం అది పళ్ల సంగతి కాదు, గుండెది కావచ్చు. ఆ రోజే ఈసీజీ తీయించుకోండి. ఛాతీలో బరువు, చెమటలు కూడా తోడైతే గ్యాస్ అనుకుని కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.