కెంపో నేర్చుకుందాం – రెండో పాఠం: పేరు ఒకటే, సాధనలు వేరు

పోయిన పాఠంలో నిలబడే తీరు, పిడికిలి ముడిచే తీరు చూశాం. ఈసారి చేతులు కదిపే ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. కెంపో అనేది ఒక్క విద్య పేరు కాదు. చైనావాళ్లు ‘చ్వాన్‌ఫా’ అని చదివే రెండక్షరాల మాటనే జపాన్‌వాళ్లు ‘కెంపో’ అని చదువుతారు. మొదటి అక్షరానికి పిడికిలి అని అర్థం. రెండోదానికి పద్ధతి అని అర్థం. బౌద్ధంలో ‘ధర్మం’ అనే మాటకు కూడా ఆ రెండో అక్షరాన్నే వాడతారు. కొందరు కెంపో అని, కొందరు కెన్‌పో అని రాస్తారు, రెండూ ఒకటే. ‘సంపద’లో సున్నా ‘మ్’ అని పలికినట్టే ఇక్కడా ‘ప’ ముందున్న ‘న్’ పెదవుల మీదికి వచ్చి ‘మ్’ అవుతుంది.

కాబట్టి బోర్డు మీద కెంపో అని ఉంటే లోపల ఏం నేర్పుతారో ఆ పేరు చెప్పదు. సాధన చూస్తే తెలుస్తుంది. ఎవరితో చేస్తున్నారు, ఎంత జోరుగా కొడుతున్నారు, ఒంటి మీద ఏం వేసుకున్నారు అనే మూడు విషయాలు చూడండి.

జంటగా చేసే షోరింజి కెంపో

1947లో జపాన్‌లోని షికోకు ద్వీపంలో, కగావా ప్రాంతపు తదోత్సు ఊళ్లో సో దోషిన్ (1911–1980) దీన్ని మొదలుపెట్టాడు. ‘షోరింజి’ అంటే జపాన్ ఉచ్చారణలో షావొలిన్ ఆలయం. అలాగని చైనా షావొలిన్ కుంగ్‌ఫూ, ఇదీ ఒకటే అనుకోకండి. ఇది ఆధునిక కాలంలో జపాన్‌లో కూర్చిన విద్య.

ఇందులో మూడు భాగాలుంటాయి. గోహో అంటే గుద్దులు, తన్నులు, వాటిని అడ్డుకోవడం. జుహో అంటే పట్టు విడిపించుకోవడం, కీళ్లు మెలిపెట్టడం, పడేయడం. సెయిహో అంటే మర్మస్థానాల మీద ఒత్తి ఒంటిని సరిచేయడం. సాధన ఎక్కువగా జంటగానే సాగుతుంది. ఒకరు దాడి చేస్తే మరొకరు ఎదుర్కొంటారు, తర్వాత మారతారు. మొదలుపెట్టేటప్పుడు రెండు చేతులూ జోడించి వేలికొసలు కళ్ల ఎత్తుకు తెస్తారు. మన నమస్కారంలా తల మాత్రం వంచరు, చూపు ఎదుటివాడి మీదే ఉంటుంది.

జుహో ఎలా ఉంటుందో ఒక్కటి చేసి చూద్దాం. పట్టు విడిపించుకునే పద్ధతులను ‘నుకి’ అంటారు. తోడుకు ఒకరిని ఎదురుగా నిలబెట్టుకోండి. బొటనవేలు పైకి ఉండేలా మీ కుడిచేయి ముందుకు చాపండి. ఆయన తన ఎడమచేత్తో మీ కుడి మణికట్టు గట్టిగా పట్టుకోవాలి. ఇప్పుడు ఆ పట్టును దగ్గరగా చూడండి. నాలుగు వేళ్లు ఒక వైపు, బొటనవేలు మరో వైపు ఉంటాయి. ఆ రెండు కొసల మధ్య సందే పట్టులో బలహీనమైన చోటు. నాలుగు వేళ్లతో బలంగా పోటీపడే బదులు ఒక్క బొటనవేలి మీద పనిచేయాలి.

ముందు మీ ఐదు వేళ్లూ బాగా చాచండి, ముంజేయి బిగుస్తుంది. మోకాళ్లు కొంచెం వంచి, కుడిపాదం అర అడుగు ముందుకు వేయండి. చేతిని వెనక్కి లాగకండి. మోచేతిని మడిచి, ఆయన మోచేతి వైపు తోయండి. మోచేయి ముందుకు పోతున్నకొద్దీ మీ అరచేయి మీ ఎడమ భుజం వైపు లేస్తుంది. ముంజేతి సన్నని అంచు, అంటే బొటనవేలి వైపు ఎముక, సరిగ్గా ఆ సందుకు ఎదురుగా వచ్చినప్పుడు పట్టు దానంతటదే ఊడిపోతుంది. ఊడగానే ఒక అడుగు వెనక్కి వేసి చేతులు కాపుకు తెచ్చుకోండి.

ఎక్కువమంది తప్పేది ఒక్కచోటే. భయంతో చేతిని తమ వైపు గుంజుతారు. గుంజితే ఎదుటివాడి నాలుగు వేళ్లు ఇంకా బిగుస్తాయి, పైగా ఆయన బరువు మీ మీదికి వస్తుంది. రెండో తప్పు భుజం పైకి ఎత్తడం. భుజం లేస్తే మోచేయి పక్కకు పోతుంది, ముంజేయి సందుకు అడ్డంగా పడుతుంది. ఎంత చేసినా రావడం లేదంటే బలం పెంచకండి, మీ మోచేయి ఎటు చూస్తుందో చూసుకోండి. తోడున్నవారు మొదటి పదిసార్లు సగం బలంతో, తర్వాతి పదిసార్లు పూర్తి బలంతో పట్టుకోవాలి. మొదటి నుంచీ వదులుగా పట్టుకుంటే మీకు వచ్చిందో రాలేదో తెలియదు.

కవచంతో కొట్టే నిప్పన్ కెంపో

సవయామా మునెవోమి 1932లో ఒసాకాలో దీనికి రూపమిచ్చాడు. ఆయన జూడో నేర్చినవాడు. జూడోలో నిజంగా పడేయవచ్చు గానీ గుద్దడానికి, తన్నడానికి పోటీలో చోటు లేదు. దెబ్బలు నిజంగా కొట్టాలి, ఒళ్లు చెడకూడదు, ఎలా? ఆ ప్రశ్నకు జవాబే కవచం. ముఖానికి ఇనుప చువ్వల ముసుగు, ఛాతీకి డాలు, చేతులకు మందపాటి తొడుగులు, గజ్జల రక్షణ. ఇవన్నీ వేసుకుని గుద్దు, తన్ను, పడేయడం, కీలు మెలి అన్నీ ఒకే ఆటలో కలుపుతారు. పోటీ మూడు నిమిషాలు, ముందు రెండు పాయింట్లు తెచ్చుకున్నవారు గెలుస్తారు. జపాన్ ఆత్మరక్షణ దళాల (అంటే అక్కడి సైన్యం) వట్టిచేతి పోరు శిక్షణ దీని నుంచి చాలా తీసుకుంది.

ఇక్కడ ముఖ్యమైన దెబ్బ నేరు గుద్దు. చివర్లో కరాటేలోలా పిడికిలిని బోర్లించరు, బొటనవేలు పైకి ఉండేలా నిలువుగా ఉంచుతారు. ఇంట్లో చేయాలంటే తోడున్నవారు ఒక గట్టి దిండును రెండు చేతులతో ఛాతీ ముందు, ఒంటికి జానెడు దూరంగా పట్టుకోవాలి. ముందున్న చేత్తో మెల్లగా పది, ఒత్తిడితో పది కొట్టండి. చూపుడు, మధ్య వేళ్ల కణుపులు మాత్రమే ముందు తాకాలి. మోచేయి నేలవైపు చూడాలి. అది బయటికి విచ్చుకుంటే మణికట్టు మడతపడి బెణుకుతుంది. మొదటి వారం గాయాల్లో ఇదే ఎక్కువ.

కవచం ఇచ్చే ధైర్యానికి ఒక నష్టం ఉంది. ముఖానికి రక్షణ ఉంది కదా అని గడ్డం ఎత్తి దగ్గరికి చొరబడతారు. ముసుగు దెబ్బను మోస్తుంది గానీ మెడ విదిలింపును ఆపలేదు. అందుకని మొదటి నుంచే గడ్డం లోపలికి పెట్టడం అలవాటు చేసుకోండి.

వరుసలు నేర్పే అమెరికన్ కెన్‌పో

ఇది హవాయి మీదుగా వచ్చింది. అక్కడ జేమ్స్ మిటోసె దగ్గర విలియం చౌ, చౌ దగ్గర ఎడ్ పార్కర్ (1931–1990) నేర్చారు. పార్కర్ దాన్ని అమెరికా ప్రధాన భూభాగానికి తెచ్చి, కొత్తగా క్రమబద్ధం చేశాడు. ప్రతి దాడికీ ఒక జవాబు వరుస ఉంటుంది, దానికొక పేరు ఉంటుంది. దిక్కులను గడియారం ముల్లుతో చెబుతారు. ఎదుటివాడు 12 దగ్గర, మీ వెనుక 6.

మొదట నేర్పే వరుసల్లో ఒకటి ‘డిలేడ్ స్వోర్డ్’. ఎదుటివాడు కుడిచేత్తో మీ చొక్కా ముందు భాగం పట్టుకుంటాడు. మీ ఎడమపాదాన్ని 6 వైపు వెనక్కి వేసి, మోకాళ్లు వంచి, అదే క్షణంలో కుడి ముంజేత్తో ఆ చేతిని బయటి నుంచి లోపలికి కొట్టండి. తర్వాత ముందున్న కుడిపాదంతో గజ్జల వైపు తన్ను. ఆ పాదం నేల మీద దిగుతుండగా కుడి అరచేతి అంచుతో మెడ పక్కన దెబ్బ. తోడుతో చేసేటప్పుడు తన్నునూ, మెడ దెబ్బనూ జానెడు ముందే ఆపాలి. వీటిని ఎవరి మీదా తాకించి ‘పరీక్షించకండి’.

తప్పేమిటంటే, ముందు పాదం వేసి, ఆ తర్వాత చేయి కొట్టడం. రెండూ ఒకేసారి జరిగితేనే ఒంటి బరువు దెబ్బలోకి వస్తుంది. పాదం దిగకముందే మెడ దెబ్బ కొడితే అది చేతి దెబ్బగానే మిగులుతుంది. ఇంకోటి, తోడున్నవారు బొమ్మలా నిలబడితే వరుస అద్భుతంగా వస్తుంది, ఆయన కదిలితే చెదిరిపోతుంది. కాబట్టి వరుస నోటికి వచ్చాక, ఆయన్ను లాగమని, తోయమని చెప్పి మళ్లీ చేయండి.

హవాయిలోనే హోనలూలూలోని పలామాలో 1940ల చివర్లో ఐదుగురు కలిసి కాజుకెంబో తయారుచేశారు. కరాటే, జూడో–జుజుత్సు, కెన్‌పో, చైనా బాక్సింగ్ మాటల ముందక్షరాలతో ఆ పేరు వచ్చింది. ఇక జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా ద్వీపంలో కరాటేనే చాలాకాలం కెంపో అని కూడా పిలిచారు. అక్కడి నకామురా షిగేరు ‘ఒకినావా కెంపో’ పేరుతో కవచ పోరును ప్రోత్సహించాడు.

బోధిధర్ముడి మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. దక్షిణ భారతం నుంచి వెళ్లిన ఆ బౌద్ధ భిక్షువు పేరు కెంపో తరగతుల్లో తరచూ వినిపిస్తుంది, మనవాడు కాబట్టి మనకు ఇష్టం కూడా. కానీ షావొలిన్ యుద్ధవిద్యకు ఆయన మూలపురుషుడనే మాట ఆయన కాలానికి వెయ్యేళ్ల తర్వాతి రాతల్లోనే కనిపిస్తుంది. గౌరవంతో తలుచుకోండి, చరిత్రగా మాత్రం చెప్పకండి.

ఈ వారం సాధన

నాలుగు రోజులు చాలు, రోజుకు 25 నిమిషాలు. ఐదు నిమిషాలు మణికట్లు, మోకాళ్లు, మెడ తిప్పి వేడెక్కించండి. మణికట్టు విడుపు రెండు చేతులకూ ఇరవైసార్లు, నేరు గుద్దు ఒక్కో చేతికి ఇరవై, ‘డిలేడ్ స్వోర్డ్’ వరుస పదిసార్లు మెల్లగా. మణికట్టు నొప్పిగా ఉన్న రోజు గుద్దు మానేసి అడుగులు మాత్రమే వేయండి.

తరగతిలో చేరాలనుకుంటే ముందు ఒక గంట కూర్చుని చూసి, కొత్తవాళ్లకు కింద పడటం ఎన్నో రోజు నేర్పుతారని మాస్టారిని అడగండి. పడేయడం ఉన్న చోట పడటం నేర్పకుండా మొదలుపెడితే అక్కడ చేరకండి. వచ్చే పాఠం పడటం గురించే. కనీసం రెండంగుళాల మందం ఉన్న చాప, పక్కన ఏ బల్లా గోడా తగలని ఆరడుగుల జాగా సిద్ధం చేసుకోండి.