నష్టాల కంపెనీని మూయడం: 4వ పాఠం – రెండు గడుల పట్టిక

గుంటూరు, తెనాలి వైపు "ఫలానా ఆయన ఐపీ పెట్టాడట" అంటే ఇక వివరం అక్కర్లేదు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు మాట అక్కడ ఇంటి మాట అయిపోయింది. ఇంగ్లండులోనూ ఐపీ ఉంది, కాకపోతే అక్కడ ఐపీ అంటే మనిషి. ఇన్సాల్వెన్సీ ప్రాక్టీషనర్. ఆ లైసెన్సు లేనివాళ్లు లిక్విడేటర్ (కంపెనీ ఆస్తులు అమ్మి, అప్పులవాళ్లకు పంచి, దాన్ని మూసేసే మనిషి) కాలేరు. ఆయన్ని ఎలా ఎంచుకోవాలో 3వ పాఠంలో చూశాం. ఆయన మొదటి రోజే అడిగే కాగితం తయారుచేయడం ఈ పాఠం.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక్క మాట. మనం నేర్చుకుంటున్నది ఇంగ్లండ్, వేల్స్‌లో అప్పులు తీర్చలేని కంపెనీ తనంతట తానే లిక్విడేషన్‌కి వెళ్లే పద్ధతి. అక్కడ రెస్టారెంటో, ఐటీ కన్సల్టెన్సీయో నడిపే మనవాళ్లు చాలామంది ఇండియా రూలు మనసులో పెట్టుకుని తికమక పడతారు. ఇండియాలో ఐబీసీ (దివాలా చట్టం) 59వ సెక్షన్ కింద స్వచ్ఛందంగా మూయాలంటే, అప్పులన్నీ పూర్తిగా తీర్చగలమని డైరెక్టర్లు అఫిడవిట్ ఇవ్వాలి. తీర్చలేని కంపెనీకి ఆ తలుపు తెరుచుకోదు. ఇంగ్లండులో తీర్చలేనివాళ్ల కోసమే వేరే తలుపు ఉంది.

ఐపీ అడిగే ఆ కాగితం పేరు స్టేట్‌మెంట్ ఆఫ్ అఫైర్స్, అంటే కంపెనీ ఆస్తులు, అప్పుల పట్టిక. వాటాదారులు లిక్విడేషన్ తీర్మానం చేశాక 7 రోజుల్లో డైరెక్టర్లు దీన్ని తయారుచేసి అప్పులవాళ్లకు పంపాలి. చట్టం అలా అన్నా, తీర్మానం అయ్యేదాకా ఆగితే చేతులు కాలినట్టే. లెక్క ముందే సిద్ధంగా ఉండాలి. ఇందులో ఉన్నది నిజమని సంతకం పెట్టేది మీరు, ఐపీ కాదు.

ఊహకి ఒక టిఫిన్ హోటల్ కంపెనీని తీసుకుందాం. తెల్ల కాగితం మీద రెండు గడులు గీయండి. ఎడమ గడిలో పుస్తకంలో ఉన్న విలువ, కుడి గడిలో రేపు అమ్మితే చేతికొచ్చే విలువ. ఎడమది అకౌంటెంట్ ఇస్తారు. కుడి గడి రాయడమే కష్టం, ఎందుకంటే అక్కడ ఆశకు చోటు లేదు.

బ్యాంకులో 2,200 పౌండ్లు. కుడి గడిలోనూ అంతే. వంటగది సామాను పుస్తకంలో 24,000. గ్రైండర్లు, పొయ్యిలు, ఫ్రీజర్లు వేలంలో ఎంతకు పోతాయో మీకూ తెలుసు. 5,000 రాయండి. బియ్యం, పప్పులు 3,000, కుడి పక్క 300. క్యాటరింగ్ బాకీలు 4,000, అందులో వచ్చేవి 2,500. షాపు అడ్వాన్సు 9,000 ఉంది కదా అనుకుంటారు. అద్దె బాకీ 11,000 ఉంది. యజమాని అడ్వాన్సును అందులో సర్దుకుంటాడు. కుడి పక్క సున్నా, పైగా ఆయనకు ఇంకో 2,000 బాకీ.

ఇక చాలామంది వదిలేసే వరుస: డైరెక్టర్స్ లోన్ అకౌంట్. జీతం తక్కువ చూపించి, మిగతాది డివిడెండ్ అంటూ తీసుకున్నారు. లాభమే లేనప్పుడు అది డివిడెండ్ ఎలా అవుతుంది? మీరు కంపెనీకి బాకీ పడ్డారన్నమాట. ఇక్కడ 18,000. అంటే ఈ పట్టికలో మీరు కూడా ఒక ఆస్తే. లిక్విడేటర్ మిమ్మల్నే అడుగుతాడు. నిజంగా కట్టగలిగింది 6,000 అయితే అదే రాయండి.

ఎడమ గడి మొత్తం 60,200. కుడి గడి 16,000.

ఇప్పుడు అప్పులు. ఎవరు ముందు అనేది మీ ఇష్టం కాదు. మొదట లిక్విడేషన్ ఖర్చు, 5,000 అనుకుందాం. తర్వాత పనివాళ్లు: 4 నెలల లోపు జీతం బాకీలో మనిషికి 800 పౌండ్ల దాకా, దానితోపాటు సెలవు జీతం. మన లెక్కలో 3,000. మిగిలింది 8,000. ఆ తర్వాత వరుసలో హెచ్‌ఎంఆర్‌సీ, అంటే అక్కడి పన్నుల శాఖ. 2020 డిసెంబరు 1 నుంచి వ్యాట్, ఉద్యోగుల జీతాల్లోంచి కోసిన పన్ను లాంటి బాకీలకు మామూలు అప్పులవాళ్ల కన్నా పైమెట్టు ఇచ్చారు. ఇక్కడ వాళ్లకు 31,000 ఇవ్వాలి. ఉన్న 8,000 అక్కడితో సరి.

సరుకులిచ్చినవాళ్లు (12,500), కోవిడ్ కాలంలో ప్రభుత్వ హామీతో బ్యాంకులిచ్చిన బౌన్స్ బ్యాక్ లోన్ (28,000), షాపు యజమాని (2,000), బావమరిది ఇచ్చిన చేబదులు (10,000): వీళ్లెవరికీ ఏమీ రాదు. బౌన్స్ బ్యాక్ లోన్‌కి సొంత హామీ తీసుకోకూడదన్నది ఆ పథకం రూలే, కాబట్టి డబ్బు వ్యాపారానికే వాడి ఉంటే అది మీ ఇంటి మీదికి రాదు. షాపు లీజుకు, సరుకుల ఖాతాకు మీరు సొంతంగా సంతకం పెట్టి ఉంటే మాత్రం కంపెనీ పోయినా ఆ బాకీ మీ వెంట వస్తుంది. ఆ కాగితాలు ఇవాళే వెతకండి.

పట్టిక చూడగానే మనవాళ్లకు వచ్చే మొదటి ఆలోచన ఏమిటో నాకు తెలుసు. "బావమరిది డబ్బు ముందు ఇచ్చేద్దాం, ఇంట్లో గొడవ ఎందుకు?" వద్దు. కంపెనీ అప్పులు తీర్చలేని స్థితిలో ఒకరికి మాత్రం మేలు చేస్తే దాన్ని ప్రిఫరెన్స్ అంటారు. బయటివాళ్లకైతే 6 నెలలు వెనక్కి చూస్తారు, దగ్గరివాళ్లకైతే 2 ఏళ్లు. భార్య తమ్ముడు చట్టం లెక్కలో దగ్గరివాడే. మీకు ఆ ఉద్దేశం లేదని నిరూపించుకునే బరువు కూడా మీ మీదే పడుతుంది. ఇచ్చిన డబ్బు లిక్విడేటర్ వెనక్కి లాగితే, అప్పుడు గొడవ రెండింతలు.

"లిక్విడేషన్ ఎందుకు, కంపెనీస్ హౌస్‌లో (కంపెనీల రిజిస్టరు ఉండే ఆఫీసు) పేరు కొట్టించేస్తే పోలా?" అని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. ఆ దరఖాస్తు కాపీ అప్పులవాళ్లందరికీ 7 రోజుల్లో పంపాలి, వాళ్లు అభ్యంతరం చెబుతారు. 2021లో వచ్చిన చట్టం ప్రకారం అలా కొట్టేయించుకున్న కంపెనీల డైరెక్టర్ల మీద కూడా విచారణ చేయొచ్చు. తప్పు తేలితే 2 నుంచి 15 ఏళ్లు డైరెక్టరుగా ఉండటానికి వీల్లేదు.

పనివాళ్ల వరుస దగ్గర ఇంకొక గడి గీయండి: వీసా. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్న వంటమాస్టరు ఉద్యోగం పోతే, హోం ఆఫీసు సాధారణంగా ఆయన వీసాను 60 రోజులకు కుదిస్తుంది. తీర్మానం తేదీ నిర్ణయించేటప్పుడు ఈ సంగతి ఐపీతో ముందే మాట్లాడండి. జీతం బాకీ, రిడండెన్సీ డబ్బులు (ఉద్యోగం పోయినందుకు ఇచ్చే పరిహారం) ప్రభుత్వ నేషనల్ ఇన్సూరెన్స్ ఫండ్ నుంచి పరిమితి మేరకు అడగొచ్చని ఆయనకు చెప్పేది మీరే.

ఈ వారం అభ్యాసం: గత 2 ఏళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకోండి. మీ ఇంటిపేరు, అత్తవారి ఇంటిపేరు, మీకు వాటా ఉన్న ఇంకో కంపెనీ పేరు ఎక్కడ కనిపించినా పెన్సిలుతో గీత గీయండి. పక్కన ఆ డబ్బు ఎందుకు వెళ్లిందో ఒక వాక్యం రాయండి. వాక్యం రాయలేకపోయిన గీతల్ని వేరే కాగితం మీదికి ఎక్కించండి. 5వ పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.